ఉపిలెను నాకిచ్చిన ఉత్తరం

జోంబా
ఫిబ్రవరి 8, 1998

ఫలేసీ,

ఎన్నో ఏళ్లుగా నిన్నొకటి అడగాలనుకుంటూ అడగలేకపోయాను. నన్ను పెద్దమ్మకు ఇచ్చేసిన రోజు అమ్మ ఏడ్చిందా?

నాకప్పుడు తొమ్మిదేళ్లు. లారీలో డ్రైవరుకీ పెద్దమ్మకీ మధ్య కూర్చోబెట్టారు. వెనక్కి తిరిగితే దిగిపొమ్మంటారేమోనని తిరగలేదు. బ్లాంటైర్‌ పట్నంలో గదికొక కరెంటు దీపం ఉంటుందని చెప్పారు కదా, అదే ధ్యాస. నువ్వు ఐదేళ్లదానివి, గుమ్మంలోనే ఉన్నావు. నీకు గుర్తుండి ఉంటుంది. నీకు అన్నీ గుర్తుంటాయి.

ఇప్పుడెందుకు అడుగుతున్నానంటే, ముగ్గుర్నీ నా దగ్గర వదిలి నువ్వు పడవెక్కిన రోజు గురించి నిన్న నీ పెద్దకూతురు నన్ను అదే అడిగింది. "పెద్దమ్మా, పడవ కదిలాక అమ్మ ఏడ్చిందా?" నాకు కనబడలేదమ్మా, దూరంగా ఉందిగా అన్నాను. "మరి కళ్లద్దాలు పెట్టుకున్నావుగా" అంది తియామికె. ఏడేళ్లకే ఇంత లాయరు బుద్ధి ఎక్కణ్ణించి వచ్చిందో.

మీ వాడి సంగతి. రెండో సంవత్సరం చరిత్ర విద్యార్థుల పరీక్ష పేపర్లు నలభై రెండు, దిద్ది కట్టకట్టి బల్లమీద పెట్టాను. స్నానం చేసి వచ్చేసరికి బట్టలుతికే తొట్టిలో తేలుతున్నాయి. లింబాని గట్టున కూర్చుని చీపురుపుల్లతో వాటిని ముందుకు తోస్తున్నాడు. "ఏం చేస్తున్నావురా?" అని అరిస్తే, నాలుగేళ్లవాడు, తల కూడా ఎత్తకుండా, "ఇవి అమ్మ ఎక్కిన పడవలు, ఇది వెనక్కి వచ్చేది" అన్నాడు. కొట్టడానికి ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక జుట్టు సర్దుకున్నాను. పేపర్లన్నీ తీగమీద క్లిప్పులు పెట్టి ఆరేశాను. మా శాఖాధిపతి అటుగా పోతూ, "ఎస్నాత్ గారూ, ఈసారి మార్కులు ఎండలో వేస్తున్నారా?" అన్నాడు.

చిన్నది ఉపిలె పడుకోబెడితే నిద్రపోదు, వీపున ఉండాలి. నలభై మూడేళ్లొచ్చాయి, వీపున పిల్లను కట్టుకోవడం నాకు రాదు. పక్కింటి నబాండమ్మ నడుముకి చుట్టుకునే చితెంజె గుడ్డ పట్టుకుని వచ్చి నేర్పింది. "వంగండి మేడమ్. ఇంకా వంగండి. ఇంత చదువూ నడుము నిటారుగా పెట్టుకోవడానికేనా?" మూడోసారికి ముడి నిలిచింది. పిల్ల బరువు వీపంతా ఎలా పరుచుకుంటుందో నాకిన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

ఎస్నాత్


లికోమా దీవి
మార్చి 3

అక్కా,

నీ ఉత్తరం తడిసి వచ్చింది. ఇక్కడ స్టీమరు ఒడ్డుకి రాదు. సరస్సులోనే ఆగితే చిన్న పడవల్లోకి మూటలూ మేకలూ మనుషులూ ఉత్తరాలూ అన్నీ ఒకేసారి దూకుతాం. వారానికొకసారి ఈ దూకుడు చూడటానికి దీవంతా ఒడ్డుకొస్తుంది. మాకదే సంత, అదే పండగ.

ప్రభుత్వం ఇస్తానన్న ఇంటికి గోడలు లేచాయి. కప్పుకి రేకులు స్టీమరు మీద రావాలట. అందాకా కుట్టుపని టీచరమ్మతో ఒకే గదిలో ఉంటున్నాను. ఆవిడ ప్రార్థన చేస్తుంటే దేవుడికి చెవుడేమో అనిపిస్తుంది. పిల్లల్ని తెచ్చుకుని ఉంటే ఎక్కడ పడుకోబెట్టేదాన్నో నాకే తెలియదు. పిల్లల్ని కన్న ఆ మనిషి జొహానెస్‌బర్గ్ నుంచి ఒక్క ముక్క రాయడు, నువ్వు లేకపోతే ఈ ఉద్యోగం లేదు.

ఇవి రాసిపెట్టుకో. ఉపిలెకి ఎడమ చెవి తమ్మె వేళ్లతో రాస్తే నిద్రొస్తుంది. కుడిది రాస్తే చిరాకు. లింబాని ఆకలి లేదన్నాడంటే ఎక్కడో ఏదో దొంగతనంగా తిన్నట్టు లెక్క. తియామికె మాట్లాడుతున్నంతసేపూ భయం లేదు, నోరు మూసిందంటే వెళ్లి చూడు.

నిన్న పాఠం చెబుతూ ఒకటో తరగతి పిల్ల ముక్కు నా గుడ్డతో తుడిచి, దాన్ని ఎత్తుకుని చంకనేసుకుని పాఠం పూర్తి చేశాను. గంట కొట్టాకగాని నాకు తెలియలేదు. ఆ పిల్ల బిగుసుకుపోయి ఉంది పాపం.

అమ్మ సంగతి అడిగావు. పడవవాడు తొందర పెడుతున్నాడు. ఇంకోసారి రాస్తాను.

ఫలేసి


జోంబా
ఏప్రిల్ 19

ఫలేసీ,

వారమంతా వాన. కొండ కనబడటం లేదు. మా శాఖాధిపతి టీకి వచ్చాడు, పేపర్ల సంగతి మర్చిపోయాడని తెలిసి ధైర్యంగా పిలిచాను. లింబాని ఆయన ముందు నిలబడి పొట్టవైపు చాలాసేపు చూశాడు. "ఎప్పుడు పుడుతుంది?" అన్నాడు. నేను టీ ఒలకబోశాను. ఆయన గంభీరంగా, "ఇంకా తేదీ చెప్పలేదు బాబూ" అన్నాడు. ఇంత మర్యాదస్తుడని పదకొండేళ్లు కలిసి పనిచేసినా నాకు తెలియదు.

ఉపిలె ఇప్పుడు అన్నీ అనుకరిస్తోంది. నా కళ్లద్దాలు తలకిందులుగా పెట్టుకుని, పుస్తకం తెరిచి, నేను దిద్దేటప్పుడు నిట్టూర్చినట్టు నిట్టూరుస్తుంది. ఇలాంటి పిల్లను నేనెక్కడా చూడలేదు ఫలేసీ. మొన్న నాకు జ్వరమొస్తే మొక్కజొన్న జావ గిన్నె రెండు చేతులా పట్టుకుని, సగం నేలమీద పోస్తూ, మంచం దాకా తెచ్చింది. రెండేళ్లు నిండని పిల్ల! నిజంగా ఇలాంటి పిల్లను నేను చూడలేదు.

నువ్వు వాళ్లను దింపకముందు ఇంటికి రాగానే రేడియో పెట్టేదాన్ని. ఏదో ఒక గొంతు ఉండాలి కదా. ఇప్పుడు ఆ రేడియో ఎక్కడుందో తెలియదు. లింబానికి తెలుసనుకుంటాను, చెప్పడు.

ఎస్నాత్


(అదే కవరులో, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం)

అమ్మకి తియామికె రాయునది. ఇది పెద్దమ్మకి చెప్పకుండా పెడుతున్నాను. రేడియో కోళ్ల గూట్లో ఉంది. ఉపిలె పెద్దమ్మని అమ్మా అని పిలుస్తోంది. కాదు అని చెప్పాను. మళ్లీ అంది. కొట్టాను. పెద్దమ్మ నన్ను తిట్టింది కానీ దానికి కాదు అని చెప్పలేదు. నాకు రెండు పళ్లు ఊడాయి.


లికోమా దీవి
మే 10

అక్కా,

రేకులు వచ్చాయి. మేకులు రాలేదు.

మీ శాఖాధిపతి సంగతి కుట్టుపని టీచరమ్మకి చదివి వినిపిస్తే ప్రార్థన మధ్యలో గుర్తొచ్చి నవ్వింది. ఆవిడ నవ్వగా వినడం ఇదే మొదలు.

ఉపిలెను ఒకే ఉత్తరంలో రెండుసార్లు మెచ్చుకున్నావు. అయితే తీసేసుకో అక్కా, నీకే ఇచ్చేశాను. ముసలితనంలో నీళ్లు తెచ్చిపెట్టడానికి నీకూ ఒక పిల్ల ఉండాలిగా.

తియామికె పళ్లు ఇంటికప్పు మీదికి విసిరారా? విసరకపోతే ఇప్పుడైనా విసరండి. లింబానికి చలికోటు పొట్టయి ఉంటుంది. నాకిక్కడ ఏ పనీ లేని గంట ఒకటి ఉంటుంది సాయంత్రం, చేపల పడవలు వెళ్లాక. ఆ గంటలో ఒడ్డున కూర్చుని నా మూడు బట్టలే మళ్లీ మళ్లీ ఉతుకుతాను. ఇక్కడి ఆడవాళ్లు నన్ను చూసి, టీచరమ్మకి శుభ్రం ఎక్కువ అంటారు.

వెంటనే జవాబు రాయి.

ఫలేసి


జోంబా
జూలై 5

ఫలేసీ,

ఆలస్యమైంది. ముగ్గురికీ వరసగా ఆటలమ్మ పోసింది. నబాండమ్మ తెచ్చిన గులాబీరంగు మందు ఒళ్లంతా చుక్కలు చుక్కలుగా రాశాం. మర్నాడు లింబాని ఆ మందు తీసుకెళ్లి నబాండమ్మ మేకకి కూడా రాశాడు. "దానిక్కూడా వచ్చింది, చూడు" అంటాడు. మేక వారంపాటు క్వార్టర్స్ అంతా గులాబీ చుక్కలతో తిరిగింది. ఇప్పుడందరూ బాగున్నారు, మచ్చలు కూడా పోతున్నాయి.

పళ్లు విసిరాం. ఒకటి కప్పుమీంచి దొర్లి కింద పడింది. తియామికె ఒప్పుకోలేదు, నాలుగుసార్లు విసిరింది. కోటు కొన్నాను. ఈ ఏడు జూలై చలి బాగా ఉంది, రోజంతా సన్నటి తుంపర.

మామయ్య కంటి డాక్టరు దగ్గరికి వచ్చి రెండు రోజులున్నాడు. లింబాని ఆయన నోట్లోకి చూసి, "తాతా, నీ పళ్లన్నీ ఏ కప్పుమీద ఉన్నాయి?" అన్నాడు. ఆయన నవ్వీ నవ్వీ దగ్గాడు. ఉపిలె గురించి అడిగాడు, చెప్పాను.

నీ ఇంటికి మేకులు వచ్చాయా?

ఎస్నాత్


లికోమా దీవి
ఆగస్టు 2

అక్కా,

నాకు మామయ్య ఉత్తరం వచ్చింది. చదువుకున్న ఎవరో కుర్రాడి చేత రాయించాడు, అచ్చు కొట్టినట్టుంది దస్తూరి. "నీ అక్కకి ఉపిలెనిచ్చి మంచి పని చేశావు. పెద్దదాని ఒడి నిండింది. కోడిని కోసి మనవాళ్లందరికీ చెప్పాను." ఇదీ ఉత్తరం.

నిలబడే చదివాను. మళ్లీ చదివాను.

మన ఇళ్లలో ఒకరి పిల్లను ఒకరు రెండుసార్లు మెచ్చుకుంటే తల్లి ఏమంటుంది? అయితే తీసేసుకో అంటుంది. అనకపోతే గర్వం అంటారు. విన్నవాళ్లు ఏమంటారు? నీ కడుపున పుట్టింది, నీ దగ్గరే ఉండనీ అంటారు. ఇద్దరూ నవ్వుకుని వేరే మాట ఎత్తుకుంటారు. ఇది తియామికెకి కూడా తెలుసు, బొమ్మలతో ఆడేటప్పుడు ఈ రెండు మాటలూ అది ఒక్కతే రెండు గొంతులతో అంటుంది. నువ్వా మాట తిప్పి పంపలేదంటే తీసుకున్నట్టే. నేను వారం వారం పడవ దగ్గరికి వెళ్లాను. జూలైలో వచ్చింది నీ ఉత్తరం. మేక గురించి రాశావు. పళ్ల గురించి రాశావు. "ఉండనీ" అన్న ఒక్క మాట కోసం కాగితం వెనక్కి కూడా తిప్పి చూశాను.

మర్చిపోయి ఉంటుందిలే అనుకున్నాను. మామయ్యకి చెప్పావని తెలిసేదాకా అలాగే అనుకున్నాను. ఇంటిపెద్దగా ఆయన పదిమందికీ చెప్పాక అది ఇక మాట కాదు.

ఉపిలె నిన్ను అమ్మా అంటోందని నాకు ఏప్రిల్‌లోనే తెలుసు. ఎవరు చెప్పారని అడగకు. పసిపిల్ల, ఎత్తుకున్నవాళ్లని అంటుంది, అంతేగా అని నాకు నేనే చెప్పుకున్నాను. నువ్వు చెబుతావని చూశాను.

ఫిబ్రవరిలో అమ్మ ఏడ్చిందా అని అడిగావు. ఏడవలేదు. వాకిలి ఊడ్చింది. పొద్దున ఊడ్చిన వాకిలే. లారీ చక్రాల గుర్తులు చెరిగేదాకా ఊడ్చి, గుర్తుల వెంట రోడ్డుదాకా ఊడ్చుకుంటూ పోయింది. నేను వెళ్లి చీపురు పట్టుకు లాగితే, "వదలవే, ఇల్లంతా మురికి" అంది. నీకు చెప్పకూడదనుకున్నాను ఇన్నాళ్లూ. కానీ అక్కా, పెద్దమ్మ నిన్ను ఇమ్మని అడిగింది. అమ్మ ఎదురుగా చాపమీద కూర్చుని, మూడు రోజులు మూడుసార్లు అడిగింది. అక్క అడిగితే చెల్లెలు కాదనలేదు, అది వేరు. అడగడమైనా అడిగింది. నువ్వు అది కూడా చెయ్యలేదు.

ఇంటికి కప్పు వేశారు. సెప్టెంబరు సెలవుల్లో వస్తున్నాను. ముగ్గురికీ బట్టలు సర్దిపెట్టు.

ఫలేసి


జోంబా
ఆగస్టు 21

ఫలేసీ,

రా. బట్టలు సర్దుతున్నాను. ఉపిలెవి కొత్తవి కూడా ఉన్నాయి, పాతవి పట్టడం లేదు.

నేను చెప్పాల్సింది చాలా ఉంది. నాలుగుసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ నన్ను నేను వెనకేసుకొచ్చినట్టే ఉంది.

ఎస్నాత్


మంకీ బే
సెప్టెంబరు 14

అక్కా,

స్టీమరు రేపట్నుంచి ఎల్లుండికి వాయిదా పడింది. రేవు పక్కన చర్చి వాళ్ల వసారాలో ఉన్నాం. లింబాని నిజమైన స్టీమరు చూసి నిరుత్సాహపడ్డాడు, వాడి తొట్టిలో పడవలు ఇంతకంటే వేగంగా పోయాయట.

నీ ఇంట్లో మూడు రోజులున్నాను. ఉప్పు అందుకో, తువ్వాలు ఎక్కడుంది, ఈ రెండు మాటలు తప్ప మనం ఏమీ అనుకోలేదు. ఉపిలె మూడు రోజులూ నీ వెనకే నిలబడి నీ గుడ్డ అంచు లోంచి నన్ను చూసింది. నేను చెయ్యి చాపితే, నబాండమ్మ నేర్పినట్టుంది, మోకాళ్లు వంచి దండం పెట్టింది. ఊరినుంచి వచ్చిన చుట్టానికి పెట్టినట్టు. పిల్లకి మర్యాద బాగా నేర్పారు.

బస్సులో మంగోచీ దాకా ఏడ్చింది. కిటికీకి అతుక్కుని అమ్మా అమ్మా అని అరిచింది. వెనక సీట్లో ఒకావిడ నా భుజం తట్టి, "ఎవరి పిల్లనమ్మా ఎత్తుకుపోతున్నావు?" అంది. తియామికె లేచి నిలబడింది. "ఈమే దాని అమ్మ. అది చిన్నది, దానికేం తెలీదు. మీరు కూర్చోండి" అంది. బస్సంతా విన్నది. తర్వాత కండక్టరు అందరికీ వేరుశనక్కాయలు పంచాడు, ఎందుకో తెలియదు.

ఎడమ చెవి రాశాను. నిద్రపోలేదు. కుడిది రాస్తే నిద్రపోయింది. ఎప్పుడు మారింది అక్కా? మారిందని రాయలేదే నువ్వు?

నాకొకటి చెప్పు. మే నెలలో నా ఉత్తరం చదివినప్పుడు, అది మర్యాదకి అన్న మాటని నీకు నిజంగా తెలియలేదా? పట్నంలో పెరిగావు, మన సంగతులు మర్చిపోయావు, తెలియలేదంటే నమ్ముతాను. తెలిసే ఊరుకున్నావంటే, అదీ అర్థం చేసుకుంటాను. కొన్నాళ్లు పడుతుంది, కానీ క్షమిస్తాను. ఏదో ఒకటి చెప్పు. అది తెలిశాకే డిసెంబరు సెలవులకి పిల్లల్ని నీ దగ్గరికి పంపాలో లేదో ఆలోచిస్తాను. ఏదీ చెప్పకుండా మాత్రం ఊరుకోకు. ఊరుకోవడం నాకు బాగా తెలిసింది ఇప్పుడు.

ఫలేసి


జోంబా
అక్టోబరు 11

ఫలేసీ,

నీ ఉత్తరం అందిన మర్నాడే మామయ్య దగ్గరికి వెళ్లాను. వసారాలో కూర్చుని వేరుశనగ వొలుస్తున్నాడు. నాకో చాప వేయించాడు. ఫలేసి నాకు పిల్లను ఇవ్వలేదు మామయ్యా, నేనే పొరబడ్డాను, అందరికీ ఆ మాట చెప్పండి అన్నాను.

"కోసిన కోడిని మళ్లీ లేపి కూయించమంటావా?" అన్నాడు.

"అది మీ ఇష్టం. మాట మాత్రం వెనక్కి తీసుకోండి."

కాసేపు కాయలు వొలిచాడు. "పొరబడ్డావా?"

"పట్నంలో పెరిగాను కదా మామయ్యా. ఈ పద్ధతులు..."

"పట్నమైతే? పెరిగింది మీ పెద్దమ్మ ఇంట్లోనేగా. మా అక్కకి మర్యాదలు నాకంటే బాగా తెలుసు. పక్కింటివాళ్లు గుమ్మడికాయ మెచ్చుకున్నా 'అయితే తీసుకోండి' అనేది. వాళ్లు వద్దంటేగాని లోపల పెట్టేది కాదు. నువ్వు చూడలేదూ?"

చూశాను. ఆయన వొలిచిన గింజలు ఒక గుప్పెడు నా గుడ్డలో మూటకట్టి, అందరికీ చెబుతాలే వెళ్లు అన్నాడు. వచ్చేశాను.

ఉపిలె చెవి జూన్‌లో మారింది. ఆటలమ్మ పొక్కు ఎడమ చెవి మీద లేచింది, అది మానేదాకా కుడిది రాశాను. తర్వాత ఎడమది ముట్టుకోనివ్వలేదు. రాయలేదు నీకు. రాసి ఉండాల్సింది.

ఇల్లు ఇప్పుడు శుభ్రంగా ఉంది. బల్లమీద ఏది పెడితే అది అక్కడే ఉంటుంది. మొదటి వారం పేపర్లు ఎత్తుగా అలమరా మీద పెట్టాను, అలవాటుగా. తర్వాత కిందకి దించి బల్లమీదే వదిలేశాను, ఎవరూ రాలేదు. రేడియో కోళ్ల గూట్లో దొరికింది, పనిచేస్తోంది, పెట్టబుద్ధి కావడం లేదు. నిన్న నబాండమ్మ వచ్చి, "అలా ఒంగి నడుస్తున్నారేంటి మేడమ్, వీపున ఎవరూ లేరుగా" అంది. అని, తనే నోటిమీద కొట్టుకుంది.

ఇక నువ్వు అడిగింది.

ఆ రోజు నీ ఉత్తరం వంటింటి గుమ్మంలో నిలబడి చదివాను. ఉపిలె వీపున ఉంది. ఆ వాక్యం దగ్గర ఆగాను, అది గుర్తుంది. జవాబు రాద్దామని పెన్ను తీసిన గుర్తు కూడా ఉంది. ఏ జవాబో గుర్తు లేదు. పిల్ల భుజం మీంచి చెయ్యి చాపి పెన్ను అడిగింది, ఇచ్చాను. నా మెడమీద గీతలు గీసింది. ఆ రోజు అలా గడిచిపోయింది. మర్నాడు ఎందుకు రాయలేదు? ఆ తర్వాత ఏడు వారాలు? ఉపిలె నన్ను అమ్మా అనడం విని మామయ్య "ఎవరి పిల్ల?" అని అడిగినప్పుడు "ఫలేసి నాకిచ్చింది" అన్న మాట తడుముకోకుండా వచ్చింది. ముందే అనుకుని ఉంచుకున్నట్టు వచ్చింది. నిజంగా నమ్మినవాళ్లకి కూడా అలాగే వస్తుందేమో.

లాభం పొందిన సాక్షి మాట నమ్మకండి అని ప్రతి ఏడూ తరగతిలో చెబుతాను. ఇక్కడ సాక్షిని నేనొక్కదాన్నే.

రెండు జవాబులూ వేరు వేరు కాగితాల మీద రాసి చూశాను. తెలియలేదు అని రాసినదాంట్లో పెద్దమ్మ గుమ్మంలో గుమ్మడికాయ పట్టుకుని నవ్వుతూ కనిపిస్తోంది. తెలిసే చేశాను అని రాసింది ఎంతో నిజాయితీగా ఉంది. మరీ నిజాయితీగా ఉంది, నువ్వు క్షమిస్తావని తెలిసి రాసినట్టు. రెండూ చింపేశాను.

డిసెంబరులో పిల్లలు రావాలని నాకెంతుందో నీకు తెలుసు. ఏదో ఒకటి చెప్పు అన్నావు. తెలియక తీసుకున్నానో, తెలిసీ తెలియనట్టు ఉండిపోయానో, ఫలేసీ, నాకే తేలడం లేదు.

ఎస్నాత్